పట్టాభికి పెట్టిన మీసం

నేను ఒక సిమెంటు విగ్రహాన్ని. ఛాతీ వరకే ఉంటాను. పైన కంచు రంగు పూశారు కాబట్టి దూరం నుంచి చూసినవాళ్ళు కంచే అనుకుంటారు, నేనూ కాదనను. తెనాలిలో బ్రహ్మలింగాచారి షెడ్డులో పుట్టాను. అక్కడ నా చుట్టూ ఉన్నవాళ్ళంతా పెద్దమనుషులు. మనవల్ని ఎత్తుకుని, పదవులన్నీ అనుభవించి, తీరిగ్గా పోయిన నాయకులు. నేనూ అలాంటి ఓ తాతగారినే అయ్యుంటానని ధీమాగా ఉన్నాను.

ఆచారి నా మట్టిముద్ద పక్కన మేకుకు ఫొటో తగిలించేసరికి దిమ్మతిరిగింది. అందులో ఉన్నది కుర్రాడు. విమానదళం టోపీ, నూనూగు మీసం, నవ్వు ఆపుకుంటున్న మూతి. పేరు కొల్లిపర పట్టాభి. డెబ్భై ఒకటి యుద్ధంలో విమానంతో సహా సముద్రంలో కూలిపోయాడట. వయసు ఇరవై మూడు. ఇరవై మూడేళ్ళకే విగ్రహమేమిటి? ఆ వయసువాళ్ళు పెళ్ళిచూపులకు వెళ్తారు గానీ నాలుగు రోడ్ల మధ్య నిలబడతారా?

ఆ ఫొటో తెచ్చింది అతని తల్లి మాణిక్యాంబ. అప్పటికి కొడుకు పోయి పాతికేళ్ళు.

"కడసారి చూపు కూడా దక్కలేదు నాయనా. నీ చేత్తో ఒక్కసారి వాడి మొహం చూపించు," అంది.

"చూపిస్తానమ్మా," అన్నాడు ఆచారి. ఆ మాట మీదే చేశాడు. కొన్నాళ్ళకు మట్టిలో అచ్చం ఆ మూతే వచ్చింది.

అప్పుడు దిగాడు విగ్రహ కమిటీ అధ్యక్షుడు, రైస్‌మిల్లు పూర్ణయ్య. నా చుట్టూ తిరిగి చూసి పెదవి విరిచాడు.

"ఏందయ్యా ఆచారీ, మరీ కాలేజీ పిల్లోడిలా ఉన్నాడు. సెంటర్లో పెట్టేది, దండేస్తే నిండుగా ఉండొద్దా? మీసం దట్టంగా పెట్టు. దవడలు నింపు."

"ఫొటోలో అట్టా లేదండి."

"ఫొటో ఎవరు చూడొచ్చారయ్యా?"

చూడటానికి తల్లి ఒకామె ఉందని ఇద్దరికీ తెలుసు. అయినా ఆచారి నోరు మూసుకుని దవడలకు మట్టి మెత్తాడు. మీసం కింద ఆ నవ్వు కనపడకుండా పోయింది. అచ్చు తీసి, సిమెంటు పోసి, రంగు వేసేసరికి నేను యాభైకి దగ్గరపడ్డ పెద్దమనిషినయ్యాను. మనుషులు తమ వయసు దాచుకోవడానికి జుట్టుకు రంగేసుకుంటారు, చచ్చిపోయిన కుర్రాడికి మాత్రం లేని వయసు తగిలిస్తే గానీ దణ్ణం పెట్టలేరు.

అతను చనిపోయిన డిసెంబరు నెలలోనే నన్ను రైలుగేటు సెంటర్లో నిలబెట్టారు. పూర్ణయ్య మైకు పట్టుకుని దేశభక్తి గురించి చాలాసేపు మాట్లాడాడు. తర్వాత ముసుగు తాడు మాణిక్యాంబ చేతికిచ్చారు. ఆమె లాగింది. చప్పట్లు మోగాయి.

ఆమె నన్ను చూసింది. పక్కకు తిరిగి పూర్ణయ్యను అడిగింది.

"ఎవరండీ ఈయన?"

మైకు పక్కనే ఉంది. ఆ మాట సెంటరంతా వినపడింది. చప్పట్లు ఆగిపోయాయి. కన్నకొడుకును ఆమె 'ఈయన' అంది. నాలోని ఇనుప చువ్వలు జల్లుమన్నాయి. కొడుకు ముఖం కోసం పాతికేళ్ళు ఎదురుచూసిన మనిషికి పరాయివాడి ముఖం చూపించాను. ఇంతకంటే ఘోరం ఉంటుందా?

ఆచారి గుంపులోంచి వచ్చి చేతులు జోడించాడు. "తప్పయిందమ్మా. తీసుకుపోయి మీసం చెక్కేస్తా, దవడలు అరగదీస్తా. మీ అబ్బాయిని తెచ్చి నిలబెడతా."

ఆమె దిమ్మె మెట్లెక్కి నా దవడ మీద చెయ్యి వేసింది. మీసాన్ని వేలితో తడిమింది.

"ఉంటే ఇప్పటికి ఇట్టాగే ఉండేవాడేమో," అంది నెమ్మదిగా. "ఒళ్ళు చేసి, వాళ్ళ నాన్నలాగా."

"తీసేస్తానమ్మా," అన్నాడు ఆచారి మళ్ళీ.

"వద్దు నాయనా. కుర్రాడిగా వాడు నాకు తెలుసు. పెద్దవాడయ్యాక చూడటం ఇవాళే."

పూర్ణయ్య మైకు కట్టేయమని సైగ చేశాడు. ఆమె మెట్లు దిగి ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున కూరల సంచీతో అటుగా వస్తూ నా ముందు ఆగింది. ఏడవలేదు. దణ్ణమూ పెట్టలేదు. సెలవులకు ఇంటికొచ్చిన కొడుకును పలకరించినట్టు, మామూలుగా అడిగింది.

"పిల్లలు బాగున్నారా?"

నాకు కళ్ళు తిప్పుకునే వీలు కూడా లేదు. ఆమె ముఖంలోకే చూస్తూ ఉండిపోయాను.