నేర్చుకున్న బటన్

ఆ మూడు బటన్లు సుకుమార్ ప్రాణం తీస్తున్నాయి.

కారులో వెనక్కి చూసుకునే అద్దం ఉంటుంది కదా, దాని అడుగున వరసగా ఉన్నాయి, పక్కనే ఒక చిన్న లైటుతో. కారులో కూర్చుని ఒకటి నొక్కితే ఇంటి షెడ్డు షట్టర్ దానంతటదే పైకి లేవాలి. కారుతో వచ్చిన పుస్తకంలో అలాగే రాసి ఉంది. ఆలూరులో కొత్తగా కట్టుకున్న ఇంటికి సుకుమార్ ముచ్చటపడి మోటారు షట్టర్ పెట్టించాడు. చేతిలో పట్టుకునే రిమోట్ నొక్కితే అది బుద్ధిగా లేస్తుంది, బుద్ధిగా దిగుతుంది. కారు బటన్ నొక్కితే మాత్రం ఉలకదు, పలకదు.

ఎన్ని తిప్పలు పడ్డాడని! రిమోట్ చేసే పనిని బటన్ నేర్చుకోవాలట; అందుకని రిమోట్‌ని అద్దానికి ఆనించి నొక్కాడు. దూరం పెట్టి నొక్కాడు. మోటారు మీద ఇంకో చిన్న బటన్ ఉంటుంది, అది నొక్కిన వెంటనే వచ్చి కారు బటన్ నొక్కాలని ఎవరో అంటే, స్టూలెక్కి అది నొక్కి, కిందికి దూకి, కారులోకి పరిగెత్తాడు. మోకాలు తలుపుకి కొట్టుకుని కమిలిపోయింది తప్ప షట్టర్ చలించలేదు. మోటారు బిగించిన చేవెళ్ల భూపాల్‌కి ఫోన్ చేస్తే, "అన్నా, షట్టర్ నేను పెట్టిన గని కారు నేను చెయ్యలేదు కద" అని పెట్టేశాడు.

అన్నిటికంటే ఒళ్లు మండించేది ఆ మొదటి బటన్. నొక్కినప్పుడు లైటు టపటపా కొట్టుకుంటే ఇంకా ఏమీ నేర్చుకోనట్టు, నిలకడగా వెలిగితే నేర్చేసుకున్నట్టు అని పుస్తకం చెబుతోంది. మొదటి బటన్ లైటు నిలకడగా, నిబ్బరంగా వెలుగుతుంది. నేర్చుకున్నదానివి పనిచేసి చావొచ్చు కదా! ఆ కసితో సుకుమార్‌కి అదొక రోగమైపోయింది. కారు ఎక్కడ ఆగితే అక్కడ, పెట్రోలు బంకులో, మొయినాబాద్ చౌరస్తాలో, చెయ్యి దానంతటదే అద్దం మీదికి పోయేది. నొక్కేవాడు, లైటు వెలిగేది, పళ్లు నూరేవాడు.

కారు అతనికి దొరకడమే ఒక అదృష్టం. అజీజ్‌నగర్‌లో జనార్దన్ అనే పెద్దమనిషికి ఫామ్‌హౌస్ ఉంది. షాబాద్ దిక్కు రాజకీయాల్లో తిరిగే మనిషి. సుకుమార్ తండ్రి స్వామిదాసు ఆ ఫామ్‌హౌస్‌కి వాచ్‌మన్. వారమంతా అక్కడే గదిలో ఉంటాడు, ఆదివారం చర్చికి ఇంటికొస్తాడు. జనార్దన్ కొత్త కారు కొనుక్కుని, పాతది ఎవరికో ఎందుకని స్వామిదాసు కొడుక్కే ఇచ్చాడు. అప్పటినుంచి సుకుమార్ సిటీలో ఆఫీసుకి కారులోనే పోతున్నాడు. దారిలో అజీజ్‌నగర్‌లో ఆగి, తల్లి పెంటమ్మ కట్టిన టిఫిన్ డబ్బా తండ్రికి ఇచ్చిపోతాడు.

ఆ శనివారం ఒంటిపూట ఆఫీసునుంచి వచ్చి, మధ్యాహ్నం సుకుమార్ షెడ్డు ముందు కారులో కూర్చుని చెమటలు కక్కుతూ బటన్లతో కుస్తీ పడుతుండగా, ఇంటి ముందు ఆటో ఆగింది. స్వామిదాసు దిగాడు. చేతిలో బట్టల సంచి, చంకలో దుప్పటి.

"ఏంది బాపు, రేపు గద నువ్వు వచ్చేది?" అన్నాడు సుకుమార్, అద్దం మీదినుంచి చెయ్యి తియ్యకుండానే.

"పని తీసేసిండు సారు" అన్నాడు స్వామిదాసు.

పెంటమ్మ వాకిట్లోకి వచ్చింది. సుకుమార్ భార్య దీవెన కూడా కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. స్వామిదాసు అరుగు మీద కూర్చుని, నేల చూస్తూ చెప్పాడు. ఫామ్‌హౌస్ గేటు కొన్నాళ్లుగా తిక్కతిక్కగా ఉంది. మూసి పక్కకి పోయి వచ్చేసరికి తెరిచి ఉంటుంది. మొన్నొకసారి మేకలు దూరి పూలమొక్కలన్నీ మేసి పోయాయి. మెకానిక్‌ని పిలిస్తే మోటారులో ఏ లోపమూ లేదన్నాడు. ఇవాళ పొద్దున జనార్దన్ కూతురు మేఘ పెంచుకునే కుక్క బయటికి ఉరికి ఆటో కింద పడింది. కాలు విరిగింది.

"నేను గేటు ఏసిన సారు, దానంతటదే తెర్సుకున్నది అన్న. గేటు తెర్సుకునుడేంది, పొద్దుగాలనే తాగినవా అన్నడు. అందరి ముంగట. వంట చేసే కృప గూడ ఆడనే ఉన్నది."

పెంటమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కృపది పక్క ఊరే, వీళ్ల చర్చికే వస్తుంది. స్వామిదాసు సంఘ పెద్ద. పాస్టర్ పక్కన నిలబడి ప్రభువు బల్ల దగ్గర గిన్నె అందించే మనిషి. పెళ్లిళ్లలో కల్లు కుండ ఎదురొస్తే ఆ పక్కకి పోయి కూర్చునేవాడు. రేపు ఆదివారం.

అంతా విని కొడుకు ఏమనాలి? సుకుమార్‌కి ఆ క్షణాన బటన్ల మీది చికాకే తలకెక్కి ఉంది. గేటు దానంతటదే తెరుచుకోవడమేమిటి, ఇక్కడ ఇంత మొత్తుకుంటున్నా ఒక షట్టర్ లేవకపోతే! "బాపు, పొద్దున్నే లేస్తవ్ గద, జర కన్నంటిందేమో" అనేశాడు.

స్వామిదాసు తలెత్తి కొడుకుని చూశాడు. లేచి లోపలికి పోయాడు.

"ఏం మాటరా అది?" అని పెంటమ్మ కసిరింది. తప్పు మాట అని సుకుమార్‌కీ తెలిసింది. తెలిసి, దాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో తోచక, ఆ కోపం కూడా బటన్ మీదే తీర్చుకున్నాడు. లైటు నిలకడగా వెలిగింది.

దీవెనకి ఆ లైటు చూసే విసుగొచ్చింది. "తియ్, జరుగు" అని పక్క సీట్లో కూర్చుని ఫోన్ తీసింది. సుకుమార్ ఎన్నోసార్లు చూసిన వీడియోనే. అయితే అతను ప్రతిసారీ మొదట్లో మనిషి దండాలు పెట్టి మాట్లాడే భాగాన్ని జరిపేసి, బటన్ నొక్కే చోటునుంచి చూసేవాడు. దీవెన మొదటినుంచి పెట్టింది. వీడియోలో మనిషి చల్లగా చెబుతున్నాడు: మీరు పాత కారు కొన్నట్టయితే, ముందుగా రెండు చివర్లా ఉన్న బటన్లు కలిపి నొక్కి పట్టుకుని పాత గేట్లన్నీ తుడిచెయ్యండి. తుడవకుండా ఏ బటన్ అయినా నిలకడగా వెలుగుతోందంటే, అది ఇదివరకటి ఓనర్ గేటుని గుర్తుపెట్టుకునే ఉందన్నమాట.

దీవెన వీడియో ఆపింది. ఇద్దరూ ఆ లైటు వంకే చూశారు.

"నువ్వు టిఫిన్ డబ్బా ఎక్కడ ఇస్తవ్ బాపుకు?" అని మెల్లిగా అడిగింది.

సుకుమార్ అద్దం మీదినుంచి చెయ్యి లాగేసుకున్నాడు. రోడ్డు మీద, ఫామ్‌హౌస్ గోడ మూల దగ్గర. గేటు పక్క సందులో ఉంటుంది, రోడ్డు మీదికి కనబడదు. సందులోకి కారు తిప్పడం కష్టమని అతను మూలమీదే ఆగి హారన్ కొట్టేవాడు. తండ్రి గేటు మూసి, నడిచి వచ్చేవాడు. ఆ వచ్చేలోపు ఊరికే ఉండలేక... నొక్కేవాడు. రోజూ నొక్కేవాడు. ఇవాళ పొద్దున ఆఫీసుకి పోతూ కూడా నొక్కాడు. ఒక్కోసారి ఒకటికి రెండుసార్లు నొక్కితే తెరుచుకున్న గేటు మళ్లీ మూసుకుని కూడా ఉంటుంది. ఒకరోజు తెరిచి ఒకరోజు మూసి ఉండే గేటుని చూసి తండ్రి ఎంత గాభరాపడ్డాడో!

లోపలికి పోయి చెప్పాడు. చెబుతుంటే తన గొంతు తనకే అసహ్యమేసింది. మంచం మీద కూర్చున్న స్వామిదాసు చాలాసేపు నమ్మలేదు. తర్వాత, "సారు కారు మూల తిరగంగనే గేటు తెర్సుకుంటుండె. జేబుల రిమోట్ ఉన్నదేమో అనుకున్న" అన్నాడు.

"ఇప్పుడే తుడిచేస్త బాపు. ఇగ ఎన్నడు తెర్సుకోదు."

"తుడ్వకు."

"ఎందుకు? సారుకు చెప్తే ఇంకా మోసం. వాచ్‌మన్ కొడుకు దగ్గర గేటు తాళం ఉండె అంటడు. దొంగతనం కేసు పెట్టినా పెడ్తడు. ఆయన సంగతి నీకు తెల్వదా?"

"తెలుసు. తుడిస్తే నువ్వు తప్పించుకుంటవ్. నేను తాగినట్టే ఉండిపోత." స్వామిదాసు లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "బండి తియ్."

చేవెళ్ల దాటారు, మొయినాబాద్ దాటారు. రోడ్డు వెడల్పు చేసే పనుల దుమ్ములో లారీల వెనక నత్తనడక. అద్దం కింద బటన్లు కళ్లెదుటే ఊగుతున్నాయి. రెండు వేళ్లు పెట్టి కాసేపు నొక్కి పట్టుకుంటే చాలు, ఋజువు లేదు, గొడవ లేదు. అజీజ్‌నగర్ వచ్చేదాకా సుకుమార్ స్టీరింగ్ మీదినుంచి చేతులు తియ్యలేదు. తనమీద తనకే అంత అపనమ్మకం.

ఈసారి సందులోకి తిప్పాడు. గేటు మూసి ఉంది. లోపల పచ్చిక మీద కుర్చీ వేసుకుని జనార్దన్ ఫోన్ మాట్లాడుతున్నాడు. పక్కన కుక్క కాలికి కట్టుతో పడుకుని ఉంది. స్వామిదాసు కారు దిగి గేటు పక్కన నిలబడి, "నొక్కు" అన్నాడు. సుకుమార్ మొదటి బటన్ నొక్కాడు. గేటు కిర్రుమని పక్కకి జరిగింది. దిక్కుమాలిన బటన్, నెలరోజుల్లో మొదటిసారి అతని కళ్లముందు పనిచేసింది.

జనార్దన్ ఫోన్ కిందికి దించాడు. సుకుమార్ వెళ్లి మొత్తం చెప్పాడు, ఒక్క ముక్క దాచుకోకుండా. పాత కారు, తుడవని బటన్, టిఫిన్ డబ్బా.

"అంటే ఇన్ని దినాలు నా గేటు నీ చేతుల ఉన్నదా?" అన్నాడు జనార్దన్. అతనికి వినబడింది అదొక్కటే. "ముందు తుడువు. నా కండ్ల ముంగట తుడువు."

సుకుమార్ కారులో రెండు బటన్లు నొక్కి పట్టుకున్నాడు. లైటు టపటపా కొట్టుకుంది. మళ్లీ మొదటిది నొక్కి చూపించాడు. గేటు కదల్లేదు. జనార్దన్ ఊపిరి వదిలి, "సరే, అయిందేదో అయింది. స్వామిదాసూ, రేపటి సంది డ్యూటీకి వచ్చెయ్" అన్నాడు.

స్వామిదాసు కదల్లేదు. "గేటు సంగతి తెలిసింది సారు. తాగిండన్న మాట సంగతి చెప్పుండ్రి."

"అదేందో కోపంల అన్న. గిప్పుడు గదెందుకు?"

"మీరు అన్నప్పుడు కృప ఉండె. ఆమెను పిలిచి కాదని చెప్పుండ్రి. రేపు చర్చికి పోవాలె నేను."

వరండాలో గిన్నెలు తోముతున్న కృప చెయ్యి ఆపింది. సుకుమార్ ఆగలేకపోయాడు. "అక్కా, మా బాపు తాగలే. తప్పు నాది. బటన్ ఒత్తింది నేను" అని అరిచినట్టే చెప్పాడు.

"నువ్వు చెప్తే ఏమైతదిరా?" అన్నాడు స్వామిదాసు. "నువ్వు నా కొడుకువు. అన్నోళ్లు చెప్పాలె."

మీటింగుల్లో మైకు పట్టుకుంటే వదలని జనార్దన్‌కి ఆ చిన్న మాట నోట్లోంచి రాలేదు. కృపని చూశాడు, కుక్కని చూశాడు. ఫోన్ మోగకపోయినా చెవికి పెట్టుకుని, "ఆ, చెప్పు తమ్మీ" అనుకుంటూ లోపలికి పోయాడు.

తండ్రీకొడుకులు ఎండలో నిలబడ్డారు. "పోదాం బాపు. గీయన చెప్పడు" అన్నాడు సుకుమార్. స్వామిదాసు వినిపించుకోలేదు.

కొంతసేపటికి కృప బయటికి వచ్చింది. చేతిలో పింగాణీ కప్పు, సాసరు. ఆ ఇంట్లో వాచ్‌మన్‌కి ఎప్పుడూ స్టీలు గ్లాసే. ఆమె తల వంచుకుని, "పెదనాయినా, సారు నీకు ఇయ్యమన్నడు. కుర్చీల కూసోని తాగుమన్నడు" అంది.

స్వామిదాసు కప్పు వైపు చూశాడు, జనార్దన్ ఖాళీ చేసిపోయిన కుర్చీ వైపు చూశాడు.

"చాయ్ వద్దు బిడ్డా" అన్నాడు. "లోపలికి తీస్కపో. మాటన్న మనిషిని పంపు."