తమ్మిలేటిలో కూత

ఏటి ఇసుకలో తవ్విన చెలమలో నీళ్లు తేటగా ఉన్నాయి.

యేసమ్మ వంగితే ముఖం కనిపించింది. కొబ్బరిచిప్పతో మెల్లగా ముంచి బిందెలో పోస్తోంది — తొందరపడితే అడుగున ఇసుక లేస్తుంది.

పైన ఆకాశం తెల్లగా ఉంది. మబ్బు తునక లేదు.

ఏలూరివాళ్లకు ఏడాదిలో ఎక్కువ నెలలు తమ్మిలేరంటే ఇసుకే. ఆ ఇసుకలోనే ఉతుకులు, ఆ ఇసుకలోనే ఆటలు. ఆదివారం ఆరాధన ముగిసి ఎండ తగ్గేసరికి, దొరల సీమకు పోయే తివాచీలు నేసే కుర్రాళ్లంతా ఏట్లోకి దిగుతారు. కాలితో గీత గీస్తారు. ఇక చెడుగుడే.

యేసమ్మ మొగుడు సీమోను కూతకు పేటలో పేరుంది. ఊపిరి తెగితే చచ్చినట్టే — అది ఆట లెక్క. సీమోను తెగనివ్వడు. అనుకున్నది అయ్యేదాకా వదలడు. ఆ మొండితనం ఇంట్లో రోజూ చూస్తున్నదే.

ఇవాళ అతని జట్టు ఏటి నడుమ వైపు. ఎదుటి జట్టు యేసమ్మ ఉన్న గట్టు వైపు. కూత పెట్టుకుంటూ ఇటు వచ్చాడు. నలుగురు కలిసి కాళ్లు పట్టేశారు.

చెడుగుడు చెడుగుడు చెడుగుడు...

చెలమలో ముఖం చెదిరింది.

చిప్ప ముంచలేదు. గాలి లేదు. అయినా నీళ్లు కదిలాయి... ఎర్రబడ్డాయి... వాటంతటవే పైకి వస్తున్నాయి.

 అత్త కనకమ్మ ఈ ఏట్లోనే తమ్ముణ్ణి పోగొట్టుకుంది. కోడలు బిందె ఎత్తినప్పుడల్లా అదే మాట.

"మనకి చుక్క పడకపోయినా, పైన చింతలపూడి వైపు కురిసిందంటే ఏరు వచ్చేత్తదమ్మాయ్. చెలమ ఎర్రబడిందా, బిందె వదిలేసి గట్టెక్కెయ్."

బిందె వదిలేసింది. గట్టెక్కింది.

"ఏవండీ! ఏరొస్తోందండీ! వచ్చెయ్యండీ!"

పట్టుకున్నవాళ్లు విన్నారు. సీమోను కాళ్లు వదిలేసి గట్టుకేసి పరుగెత్తారు.

సీమోనూ విన్నాడు. కానీ కూత నోట్లో ఉంది. పట్టు వదిలింది. గీత అదిగో, అక్కడే ఉంది. తాకి వచ్చేద్దామనుకున్నాడు కాబోలు — నవ్వుతూ ఏటి నడుమకు పరుగెత్తాడు.

అరిచింది యేసమ్మే. అందుకే వాళ్లు వదిలారు. 

వచ్చింది.

ముందు నురగ, పుల్లలు, తాటాకులు. వెనక ఎర్రటి నీళ్లు. అతని జట్టువాళ్లు అవతలి గట్టెక్కేశారు. చెలమ లేదు. గీత లేదు. నడుమ తుంగ మొలిచిన మెరక ఒక్కటే మిగిలింది. సీమోను దాని మీదికి పాకడం చూసింది.

మోకుల కోసం మనుషులు పరుగెత్తారు. దోనెలేమో దూరాన కొల్లేట్లో ఉన్నాయి. ఈ నీళ్లు పోయేదీ అక్కడికే.

పొద్దు వాలింది. మెరక కనబడ్డం మానేసింది.

హోరులో సన్నగా కూత... చెడుగుడు... చెడుగుడు... బతికే ఉన్నానని చెప్పడానికి పెడుతున్నాడు. ఎంత భయంగా ఉన్నా ఆ కూత వింటుంటే ప్రాణం నిలబడింది.

కూత ఆగింది.

ఊపిరి తీసుకోవడానికే అనుకుంది.

హోరు... హోరు...

ఎన్నడూ ఆడని ఆట. గుండె నిండా గాలి పీల్చి తనే అందుకుంది.

చెడుగుడు చెడుగుడు చెడుగుడు...

కనకమ్మ వచ్చి భుజం పట్టుకుంది. "ఇంక ఆపు తల్లీ. ఊపిరాడక పడిపోతావు."

యేసమ్మ తల అడ్డంగా ఊపింది. వంగి నీళ్లలోకి చూసింది. ముఖం కనిపించలేదు.

చెడుగుడు... చెడుగుడు...