అసిరయ్య గుండెనొప్పి

కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన పడవను దారిలో వెనక్కి తిప్పకూడదని అసిరయ్య ఇంటి కట్టుబాటు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే మాత్రం తిప్పొచ్చు. సముద్రం బాగోకపోవడం ఆ లెక్కలోకి రాదు. ఈ కట్టుబాటు పెట్టిన పెద్దలెవరో గానీ, వాళ్లకు ఈత బాగా వచ్చి ఉండాలి.

ఆయన కూతురు స్వాతికి ఒక తెరచాప పడవ మీద కెప్టెన్ ఉద్యోగం వచ్చింది. మొదటి ప్రయాణం పోర్ట్ బ్లెయిర్ నుంచి హట్ బేకి. అది చూశాకే ఉద్యోగం ఖాయం చేస్తానని ఓనరు యుగంధర్ చెప్పాడు. సాయానికి అసిరయ్యే ఎక్కాడు. నలభై ఏళ్లు చేపల వేటలో ఉన్నవాడు కూతురి కింద పనిచేయడం ఇదే మొదలు. ముందురోజు జంగ్లీఘాట్ జెట్టీ మీద, తన కూతురు పడవను దారిలో వెనక్కి తిప్పే రకం కాదని నలుగురికీ చెప్పి మరీ వచ్చాడు.

పొద్దున ఎనిమిదింటికి రట్లాండ్ దీవి దగ్గర స్వాతి ఫోన్లో వాతావరణం మళ్లీ చూసింది. రేపు రావాల్సిన పెనుగాలి ఈ మధ్యాహ్నమే వచ్చేలా ఉంది. బారోమీటర్ కూడా తెల్లవారినప్పటి నుంచి పడిపోతూనే ఉంది. ముందున్నదంతా ఆసరా లేని నీళ్లు.

"తిప్పేస్తున్నా నాన్నా."

"కాయ కొట్టీసినాం గదమ్మా! ఈ దీవి సాటున లంగరేసుకుందుం. అప్పుడు తిప్పినట్టు కాదు."

"హవా తూర్పుకి తిరుగుతుంది. అప్పుడీ చాటు ఉండదు. బస్, తిప్పేద్దాం." స్వాతి మాటల్లో పోర్ట్ బ్లెయిర్ హిందీ దొర్లుతుంటుంది.

ఆకాశం చూస్తే నిర్మలంగా ఉంది. అసిరయ్యకు ఒళ్లు మండింది. అయినా తెరచాప తాడు లాగాడు.

జెట్టీ మీద పనిచేసే నూకన్న తాడు అందుకుంటూనే అడిగాడు. "ఏటి మావా, తిరిగొచ్చీసినారు?"

స్వాతి నోరు తెరిచేలోపే అసిరయ్య ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. "గుండెల్లో నొప్పొచ్చిందిరా. నానే తిప్పమన్నాను."

జలుబు చేసినా వేట మానని మనిషి. అందరూ నమ్మేశారు, మోసినంత పని చేసి ఆటో ఎక్కించారు.

ఇంటికెళ్లేసరికి ఆ కబురు యుగంధర్‌కు చేరిపోయింది. ఇంట్లోవాళ్ల జబ్బులకు పడవ తిప్పే కెప్టెన్ తనకొద్దని ఫోన్లోనే తేల్చేశాడు. గాలి సంగతి స్వాతి చెప్పబోతే, సాకులొద్దన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి ఏడ్చింది.

"కెప్టెన్‌గా అది నా పహలా ఫైసలా, నా మొదటి నిర్ణయం నాన్నా. దాన్ని నీ పేరు మీద వేసేసుకున్నావు."

కూతురి పరువు కాపాడానని అసిరయ్య అప్పటిదాకా లోలోపల మురిసిపోతున్నాడు.

ఒంటిగంటకు గాలీ వానా విరుచుకుపడ్డాయి. ఇంటి రేకులు ఎగిరిపోతాయేమో అన్నట్టు కొట్టుకున్నాయి. అసిరయ్య గొడుగైనా లేకుండా జెట్టీకి వెళ్లాడు. యుగంధర్, నూకన్న కలిసి పడవకు ఇంకో రెండు తాళ్లు బిగిస్తున్నారు. ఇంకో పది మంది షెడ్డులో నిలబడి చూస్తున్నారు.

"మీకు ఒంట్లో బాగోలేదు కదా, ఈ వానలో ఎందుకొచ్చారు?" అన్నాడు యుగంధర్.

"నాకే నొప్పీ నేదు బాబూ. అబద్ధమాడినాను." అందరికీ వినబడాలని గాలికి ఎదురుగా అరిచాడు అసిరయ్య. "పడవ తిప్పింది పిల్లే. నానైతే తిప్పకపోదును. ఇద్దరం మిగిలీవోళ్లం కాదు."