చదివి వినిపించిన కాగితం

పదిహేడో బస్తా దగ్గర మాజిద్ మోకాళ్ళు మాట వినడం మానేశాయి. భుజం మీద నలభై కిలోల వడ్ల బస్తా, కాళ్ళ కింద లారీకి ఆనించిన చెక్క. ఆ చెక్క మీద ఒకడు ఆగితే వెనకున్న ఆరుగురూ బరువుతోనే ఆగాలి. మాజిద్ ఆగాడు. డిసెంబరు పొద్దు. తొర్రూరు మార్కెట్ యార్డులో అందరూ చెవులకు తువ్వాళ్ళు చుట్టుకున్నారు. అతని మెడ మీద మాత్రం చెమట ధార కట్టింది. లోపల ఎవరో పొయ్యి రాజేసినట్టు ఒక వేడి పొట్టలో పుట్టి ముఖం దాకా ఎక్కి దిగింది.

"ఏందిరా జాకీ, పట్టపగలు సుక్కలు లెక్కవెడుతున్నవా?" వెనక నుంచి వాల్యా అడిగాడు. "జర నడువు. నా మెడ తాబేలు మెడ లెక్క లోపటికి పోతాంది."

జాకీ అన్న పేరు మాజిద్‌కు ఊరికే రాలేదు. బయ్యారం దారిలో వాగు ఇసుకలో దిగబడిన లారీని అతను వీపుతో లేపాడనీ, డ్రైవరు టైరు మార్చేదాకా అట్లాగే పట్టుకొని ఒక బీడీ కూడా తాగాడనీ హమాలీల ముఠా మేస్త్రి పోశాలు చెబుతాడు. మొదటిసారి చెప్పినప్పుడు ఆ లారీ ఖాళీది. మరుసటి ఏడు దాని నిండా మక్కలు వచ్చాయి. ఇప్పుడు అందులో ఇనుపరాయి ఉంది, రాయి మీద పెళ్ళి మేళం కూర్చొని సన్నాయి కూడా ఊదుతోంది. నిజానికి లారీని పదిమంది నెట్టారు. ఆ పదిమందిలో మాజిద్ ఒకడు. కాని యార్డులో నిజానికి గిరాకీ తక్కువ.

ఆ జాకీ ఇప్పుడు పదిహేడో బస్తా దగ్గర వణుకుతున్నాడు. పోశాలు చెక్క ఎక్కి వచ్చి అతని భుజం మీది బస్తాను తన భుజం మీదికి మార్చుకున్నాడు. పోశాలుకు అరవై రెండేళ్ళు. మాజిద్‌కు ముప్పై నాలుగు.

బస్తా లారీలో వేసి వచ్చాక మేస్త్రి అతన్ని పక్కకు పిలిచాడు.

"ఏమనుకోకురా. సంక్రాంతి దాక చూస్త. అటెన్క బస్తాల మూతులు కుట్టే కాడ కూసో. సగం పాలు వస్తది."

"సగం పాలు మీద ఎన్ని దినాలు ఉంచుతరు పోశాలన్నా?"

"గది నీకు ఎరికే గద."

తెలుసు. ముఠాలో ఇరవై ఇద్దరు. ఎన్ని బస్తాలు ఎత్తినా కూలి అందరికీ సమానమే, సీజనులో ఒక్కొక్కరి పాలుకు రోజుకు ఏడువందల దాకా పడుతుంది. రెండు నెలలు సగం పాలు తిన్నవాడి పేరు కొట్టేసి, ఇంకొకణ్ణి తీసుకుంటారు. అది ఎవరి మీదా కోపంతో పెట్టిన పద్ధతి కాదు. ఒకడి బరువు మిగతావాళ్ళ భుజాల మీదే పడుతుంది కాబట్టి పెట్టుకున్నారు.

మాజిద్‌కు ఏమైందో ముఠాలో ఎవరికీ తెలియదు. తెలుసని మాత్రం అందరూ అనుకుంటున్నారు. మూడేళ్ళ కింద వాన చినుకులకు చెక్క జారి, బస్తాతో సహా లారీ వెనక తలుపు పలక, డాలా, అంచు మీద కాళ్ళు చెరోవైపు పడేలా పడ్డాడు. వరంగల్ దవాఖానలో రెండు వృషణాలూ తీసేశారు. ముఠా పేరు మీద బీమా ఉంది, దానికి ఏటా అందరూ కట్టుకుంటారు. డబ్బు రావాలంటే కాగితం మీద ముఠా ముద్ర పడాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

వెనకటి మేస్త్రి ఒకడు తెల్లకాగితాల మీద ముద్రలు కొట్టించి ముఠా పొదుపంతా ఎత్తుకుపోయాడు. దుబాయిలో ఒంటెను కొని దానికి తొర్రూరు అని పేరు పెట్టుకున్నాడని పోశాలు అంటాడు. ఒంటె సంగతి ఎట్లున్నా, ఆనాటి నుంచీ ముఠాకు ఒక కట్టడి వచ్చింది. ఏ కాగితమైనా ఇరవై ఇద్దరి ముందూ తెలుగులో గట్టిగా చదవాలి. వినకుండా ముద్ర వేయరాదు. చదువు రానివాళ్ళు తమను తాము కాపాడుకోవడానికి పెట్టుకున్న కట్టడి అది, మంచిదే.

ఆ కట్టడికి భయపడే మాజిద్ దవాఖాన మంచం మీది నుంచి చిన్న డాక్టరు చేతులు పట్టుకున్నాడు. "నలుగుట్ల చదువుతరు సారూ. రేపు నేను ఆ చెక్క ఎట్లెక్కాలె? ఇంకేదన్న రాయుండ్రి." డాక్టరు కుర్రవాడు, జాలిగుండె. డిశ్చార్జి కాగితం మీద హెర్నియా అని రాసిచ్చాడు. యార్డులో అది చదివినప్పుడు అందరూ నవ్వారు. హెర్నియా హమాలీకి వింత కాదు, ముఠాలో నలుగురికి ఉంది. ముద్ర పడింది, డబ్బు వచ్చింది. మాజిద్ అల్లాకు షుక్రియా చెప్పుకున్నాడు.

ఒళ్ళు మాత్రం కాగితాన్ని నమ్మలేదు. ఆరు నెలలకు కండ కరిగింది, ఎముక పలచబడింది, ఉన్నట్టుండి వేడి ఆవిర్లు మొదలయ్యాయి, ఏ కారణమూ లేకుండా ఏడుపు వచ్చేది. హనుమకొండలో డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. "షుగరోళ్ళకు ఇన్సులిన్ ఎట్లనో నీకు టెస్టోస్టిరాన్ సూది గట్ల. ఒళ్ళు తయారు చేసుకోలేనిదాన్ని బయట నుంచి ఇయ్యాలె. బతికినన్ని దినాలు." రెండు వారాలకోసారి వేసే చవక సూది అతనికి పడలేదు, రక్తం చిక్కబడి తల తిరిగింది. మూడు నెలలకోసారి వేసే సూది పడింది. దాని ధర నాలుగువేల రెండువందలు. భార్య మెహనాజ్ జాకెట్లు కుట్టి కొంతకాలం ఆ సూదులు కొన్నది. పోయిన ఏప్రిల్ తరవాత కొనలేకపోయింది.

అందుకే ముద్ర పడిన ఆ పాత హెర్నియా కాగితం మీదే సూదుల ఖర్చుకు బీమాకు పెట్టుకున్నాడు. అది తిరిగి వచ్చింది. ఎందుకో అడగడానికి, పోశాలు సగం పాలు మాట అన్న మరునాడు, దేవరుప్పుల మీదుగా బస్సు పట్టుకొని జనగామ బీమా ఆఫీసుకు పోయాడు.

కౌంటరులో ప్రశాంత్ అనే కుర్రవాడు కాగితాలు అటూ ఇటూ తిప్పాడు.

"హెర్నియా అయినోనికి గీ సూది దేనికే అన్నా? గిది మగతనం మందని పై ఆఫీసోళ్ళు రాసిన్రు. జుట్టు మొలిపించుకునుడు, పండ్లు తెల్లగ చేయించుకునుడు ఉంటయి సూడు, గా లిస్టుల వెట్టిన్రు. పాలసీల రాదు."

"మగతనానికి కాదు సార్. బస్తా ఎత్తెటందుకు."

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. "మా ఆవిడకు చెప్తే గా సూదులే ఓ బస్తా తెమ్మంటది" అని ఇంకొకరు అన్నారు. మాజిద్ కూడా నవ్వాడు. యార్డులో పదమూడేళ్ళు బతికినవాడికి నవ్వడం ఒక అలవాటు. కాగితాలు తీసుకొని బయటికి వచ్చాడు. మెట్ల మీద కూర్చున్నాడు.

ప్రశాంత్ టీ తాగడానికి వచ్చేసరికి అతను అక్కడే కూర్చొని ఉన్నాడు. ఎందుకు చెప్పాలనిపించిందో తెలియదు. పేరు తప్ప ఏమీ తెలియని ఆ కుర్రవాడికి, నేల చూస్తూ, రెండు ముక్కల్లో ఉన్నదంతా చెప్పాడు. ప్రశాంత్ టీ గ్లాసు మెట్టు మీద పెట్టాడు.

"మరి గిట్ల ఎందుకు రాయించినవే?"

మాజిద్ చేతిలోని కాగితాలు మడిచాడు.

"సరే, విను. వరంగల్ల నీ అసలు కేసు కాగితాలు ఉంటయి, అవి తే. తెలుగుల నేనే రాసిస్త. దాని మీద మీ ముఠా ముద్ర కావాలె, పాలసీ వాళ్ళ పేరు మీదున్నది. పైసలు ఇస్తరని నేను మాట ఇయ్య. పాత కాగితం అబద్ధమని పాత పైసలు వాపస్ అడిగినా అడుగుతరు. గని ముద్ర లేకుంటే పైకి పంపుడే కుదరదు."

ఆ రాత్రి మెహనాజ్ మిషన్ ఆపి విన్నది.

"చదవనియ్యి" అంది.

"అమ్మీ ఆడ్నే ఉంటది గద."

మాజిద్ తల్లి అజీజ్‌బీ యార్డులోనే రాలిన గింజలు ఊడ్చి, జల్లించి అమ్ముకుంటుంది. కొడుకుకు అయింది హెర్నియా అనే ఆమె కూడా నమ్మింది. మనవరాలు సబా తరవాత మూడేళ్ళుగా ఇంట్లో ఉయ్యాల ఊగలేదని నిలదీస్తే, మెహనాజే అడ్డం పడి చెప్పింది, లోపం తనలోనే ఉందని డాక్టరమ్మ చెప్పిందని. అప్పటి నుంచి అజీజ్‌బీ కోడలిని ప్రతి గురువారం దర్గాకు తీసుకుపోతోంది. ఈ మధ్య డోర్నకల్ చుట్టాలతో కొడుకుకు రెండో సంబంధం మాట కూడా ఎత్తింది. అది కోడలి ఎదుటే ఎత్తింది, ఆమెతోనే వాళ్ళకు చాయ్ పోయించింది.

"తెల్వనియ్యి" అంది మెహనాజ్ మళ్ళీ. "బట్ట చినిగితే నేను కుడుత. నీ ఒంట్ల బొక్క ఇరుగుతే కుట్టే మిషన్ నా కాడ లేదు."

వరంగల్ కాగితాలు చేతికి రావడానికి పది రోజులు పట్టింది. శనివారం సాయంత్రం, పాళ్ళు పంచుకునే వేళ, ముఠా షెడ్డు కింద గుండ్రంగా కూర్చుంది. మెహనాజ్ కూతుర్ని ఇంటి పక్కవాళ్ళ దగ్గర వదిలి వచ్చి కాంటా పక్కన నిలబడింది. కాగితం చదివేది ఎప్పుడూ వాల్యానే, పది దాకా చదివినవాడు అతనొక్కడే. చదువుతున్నప్పుడు అతనిలో రేడియోలో వార్తలు చదివే మనిషి ఒకడు మేలుకుంటాడు.

"మన జాకీ గారి దరఖాస్తు" అంటూ గొంతు సవరించాడు. "పైన తెలిపిన షేక్ మాజిద్, వయసు ముప్పై నాలుగు, మూడేండ్ల కిందట బరువు మోస్తూ జారిపడి..." ఆ తాళం ఇంకో వాక్యం దాకా నడిచింది. "...శస్త్రచికిత్సలో అతని రెండు..." దగ్గర గొంతు జారిపోయింది. కాగితం దించి మాజిద్ వంక చూశాడు.

"చదువు" అన్నాడు మాజిద్.

"నేను చదువనురా."

"చదువకుంటే ముద్ర పడదు. చదువు."

వాల్యా చదివాడు. బడిపిల్లవాడు పాఠం చదివినట్టు, ఎత్తుపల్లాలు లేకుండా, ఒక్కో మాటా విడదీసి చదివాడు. హెర్నియా అన్నది వాస్తవం కాదని చదివాడు. సూది లేకపోతే ఎముకలు, కండ, మనసు ఏమవుతాయో చదివాడు. ముగించాక ఎవరూ నవ్వలేదు. ఆ యార్డులో కుంటివాడికి కుంటి పేరు, నత్తివాడికి నత్తి పేరు, బట్టతలకు ఏడు పేర్లు ఉంటాయి. ఒక్కడైనా ఒక్క మాట అంటే బాగుండునని మాజిద్ ఎదురుచూశాడు. అందరూ తమ తమ కాలి బొటనవేళ్ళు చూసుకుంటున్నారు.

"మాజిద్ బిడ్డా" అన్నాడు పోశాలు. జాకీ అనలేదు. ముద్ర డబ్బా మూత తీశాడు.

"ఆగు పోశాలు."

అజీజ్‌బీ చాట పట్టుకొని వచ్చింది. చాటలో ఆ పూట ఊడ్చిన గింజలున్నాయి. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది దక్కనీ అయినా, ఇక్కడ అందరికీ తెలియాలని ఆమె తెలుగులోనే మాట్లాడింది.

"గా కాగితం అబద్ధం. బీమా పైసల కోసం రాయించిండు. నా కొడుక్కు ఏం కాలే. నేను కన్నదాన్ని, నాకు తెల్వదా? లోపం కోడల్ది. అదే చెప్పింది, దాని నోటితోనే."

పోశాలు చేతిలో ముద్ర ఆగింది. అబద్ధమన్న మాట ఒకసారి పుట్టాక, అది తేలకుండా ముద్ర వేసే ధైర్యం ఏ మేస్త్రికీ లేదు.

"చెప్పు బేటీ" అంది అజీజ్‌బీ, మెహనాజ్ వైపు తిరిగి. "నాతోని అన్నవా లేదా?"

"అన్న అమ్మీ."

"ఇన్నరా?"

అజీజ్‌బీ కోడలి దగ్గరికి జరిగింది. ఈసారి గొంతు తగ్గించి, దక్కనీలో మాట్లాడింది. ఆ కళ్ళలో దబాయింపు లేదు. వాల్యా గొంతు జారిన చోటనే ఆమెకు అంతా అర్థమైంది. "మగపిల్లాడే అమ్మా. రేపు వీళ్ళ మధ్య ఎట్లా నడుస్తాడు? నీదేనని ఇంకొక్కసారి చెప్పు. నీకేం పోతుంది? నిన్ను ఇంటి నుంచి కదలనివ్వను. రెండో పెళ్ళి మాట ఎత్తను. ఖురాన్ మీద ఒట్టు."

మూడేళ్ళ కింద దవాఖాన మంచం మీద కొడుకు డాక్టరును అడిగిందీ ఇట్లాంటి అబద్ధమే. తల్లికి ఆ సంగతి తెలియదు.

మెహనాజ్ భర్త వంక చూసింది. మాజిద్ తల వంచుకొని ఉన్నాడు. చెప్పమనలేదు, వద్దనలేదు. ఆమె అందరికీ వినపడేటట్టు తెలుగులో అంది.

"ఇగ అబద్ధం చెప్ప అమ్మీ. లోపం నాది కాదు."

చాట ఎప్పుడు జారిందో అజీజ్‌బీ చూసుకోలేదు. వడ్లు సిమెంటు నేల మీద పరుచుకుపోయాయి. ఆమె వాటి నడుమ నిలబడి, కోడలి ముఖంలో ఇంకో జవాబు కోసం వెతుకుతోంది.

మాజిద్ లేచాడు. తల్లి కాళ్ళ దగ్గర కూర్చోబోయి, మోకాళ్ళు ఒక్కసారిగా వంగక, ఒక చెయ్యి నేలకు ఆనించి దిగాడు. రెండు చేతులతో గింజలు పోగుచేసి చాటలోకి ఎత్తసాగాడు.

"ముద్ర కొట్టు పోశాలన్నా" అన్నాడు తల ఎత్తకుండా. "కాగితం నిజమే."

చాట నింపి తల్లికి అందించాడు. అజీజ్‌బీ చేతులు దాన్ని అందుకోలేదు. అతను అట్లాగే పట్టుకొని కూర్చున్నాడు. చాట బరువు కిలో కూడా ఉండదు. అతని చేతులు వణుకుతున్నాయి.