మలుపు కాడి నీడ

పొద్దున నూలు కండెలు చుట్టుడు అయినంక కోమల సీసాల నీళ్లు నింపుకొని హుజూరాబాద్ రోడ్డు మలుపు కాడికి పోతది. కొడుకు ప్రేమ్‌సాగర్ బండి మీదికెళ్లి పడ్డది అక్కడనే. ఆస్పత్రోళ్లు శవాన్ని ఇంటికి పంపిన్రు గానీ, నీడ తారుకు అతుక్కొని అక్కడనే ఉండిపోయింది.

ఊరందరికీ ఎరికే. పల్లెవెలుగు బస్సు నడిపే హనుమండ్లు మలుపు రాంగనే నీడను తొక్కకుంట పక్కకు పోనిస్తడు. మేకలు సుత చుట్టు తిరిగే పోతయి.

"ఏం కోమలక్కా, లేచిండా పిలగాడు?" బస్సు కిటికీల నుంచి అడుగుతడు హనుమండ్లు.

"లేవలే. వాడు ఎన్నడన్న జల్ది లేచిండా?"

చిక్కుపడ్డ నూలును గుంజితే తెగుతది. తడిపి, అంచు నుంచి మెల్లగ విడిపియ్యాలె. కోమల చేతులకు తెలిసిన పని అదొక్కటే. నీడ మీద నీళ్లు చల్లి, గోటితోని ఇంతింత లేపుతది. ఎండకాలంల కాళ్లు ఊడినయి. వానలు వెళ్లేసరికి నడుము, భుజాలు. తల మాత్రం గట్టిగ పట్టుకుంది. హెల్మెట్ ఆ రోజు ఇంట్ల మేకుకే ఉండె, ఇప్పటికీ ఉంది.

"ఇయ్యాల తీస్కొస్తవా?" బట్ట నేసే సాంచె ఆపి అడిగిండు పెనిమిటి పర్శరాములు.

"తెస్త."

ఆయన అర్రల చాప పరిచి, దుప్పటి దులిపి పెట్టిండు.

ఆ రోజు ప్రేమ్‌సాగర్, వాని దోస్తు అంజి చెరో బండి మీద ఉరికిచ్చిన్రు, మలుపు ఎవడు ముందు దాటుతడని. అంజి దాటిండు. దాటి, గెలిచిన్నని చెయ్యి ఊపుకుంట ఎనుకకు చూసిండు. అప్పటి సంది వాడు మెల్లగ నడుపుడే మరిచిండు. మొన్న చాయ్ హోటల్ కాడ కోమల అడ్డం నిలబడ్డది.

"జర మెల్లగ పో బిడ్డా."

"మెల్లగ పోతే వాడు యాదికొస్తుండు చిన్నమ్మా."

"యాదికొస్తే ఏమైతది?"

అంజి కిక్కు కొట్టిండు. బండి గర్రుమన్నది.

చాప పరిచిన నాడు మధ్యాహ్నం తల కూడ విడివడింది. నీడ మెల్లగ లేచి ఆమె పక్కన నిలబడ్డది. ఆమె కన్న జానెడు ఎత్తు. కోమల దాని వేళ్లు పట్టుకుంది. తడి గుడ్డంత బరువు, అంతే.

"పా కొడుకా. బాపు సూస్తుండు."

నాలుగడుగులు వేసిన్రో లేదో, ఎనుకనుంచి బండి చప్పుడు. ఎవలదో ఇద్దరికీ తెలిసింది. ముందట మలుపు అవుతల పత్తి లారీ. అంజికి అది కనవడదు.

నీడ చెయ్యి ఆమె పిడికిట్ల కదిలింది.

"వద్దు," అన్నది కోమల. గట్టిగ పట్టింది. నీడ రోడ్డు దిక్కు గుంజింది. వేళ్లు పోగుల్లెక్క సన్నబడుతున్నయి.

గుంజితే తెగుతది.

కోమల పిడికిలి విడిచింది.

నీడ ఉరికి బండి ఎనుక సీటు మీద పడ్డది. ఇద్దరెక్కినట్టు బండి కుంగి, నెమ్మదై, మట్టి బాటల దిగి ఆగింది. లారీ హారన్ కొట్టుకుంట పక్కనుంచే పోయింది. గాలికి అంజి అంగి పటపట కొట్టుకుంది.

"చిన్నమ్మా..." అంజి ఎనుక సీటు తడిమిండు. "బండి బరువైంది."

నేల మీద రెండు నీడలు. ఒకటి బండి నడిపేటోనిది. రెండోది ఎనుక కూసొని, వాని భుజం మీద చెయ్యేసింది.

దిగు కొడుకా అనబోయింది కోమల.

"ఇద్దరున్నరు గద," అన్నది. "మెల్లగ పోన్రి."

ఇంటి కాడ పర్శరాములు ఆమె ఖాళీ చేతులు చూసిండు. చాప చుట్టి గోడకు నిలబెట్టిండు.

ఇప్పుడు అంజి ఎక్సలేటర్ ఎంత తిప్పినా బండి ఉరకది. రోజూ పొద్దుగూకే యాళ్లకు కోమల వాకిట్ల నుంచే పోతడు. రెండు నీడలు పొడుగ్గ సాగి ఆమె గడప దాక వస్తయి. ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే కొడుకు దిగి ఇంట్లకొస్తడు. బండి మళ్లీ తేలికైతది.

కోమల తల వంచుకొని కండె చుట్టుకుంటది. పిలవది.