తను పెట్టిన పేరు

బలరాం గంగారంలో ఇంటినుంచే పనిచేస్తాడు. కంప్యూటర్‌ను నడిపించే కెర్నెల్‌ను ప్రోగ్రాములు ఏదైనా అడగాలంటే సిస్టం కాల్ అనే పిలుపుతోనే అడగాలి. ఆ పిలుపుల పేర్లను, ప్రోగ్రాములన్నీ వాడుకునే సి లైబ్రరీలోకి ఎక్కించడం అతని పని. కెర్నెల్‌లో ఏ పేరుంటే లైబ్రరీలోనూ అదే ఉండాలన్నది వాళ్ల కట్టుబాటు.

ఒక కొత్త పిలుపుకు మొదట పేరు పెట్టింది బలరామే. నెల తిరక్కుండా కెర్నెల్ వాళ్లు దాన్ని మార్చేశారు. మమకారం చావక అతను లైబ్రరీలో పాతదే ఉంచేశాడు.

అతని జట్టులోని కుర్రాడు సాంసన్ కొత్త పేరుతో పిలుస్తూ రాసిన ప్రోగ్రాం మూడు రోజులుగా మొరాయిస్తోంది. పొద్దున మీటింగులో అందరూ సాంసన్‌నే తప్పుపట్టారు. బలరాం నోరు మెదపలేదు.

సాయంత్రం జనగామ నుంచి సాంసన్ ఫోన్ చేశాడు.

"అన్నా, నాకు గీ పని రాదేమో. మానేస్తనని రేపు చెప్పేస్త. జర నువ్వొక్కసారి సూడు."

బలరాంకు తల కొట్టేసినట్టయింది.

"నీ తప్పేం లేదు తమ్మీ. కెర్నెలోళ్లు పేరు మార్చిన్రు. నేనే మార్చలే. నేను పెట్టిన పేరని ఉంచుకున్న."



"పొద్దుగాల నన్ను అందరు అంటుంటే ఇన్నవు గదా?"

"ఇన్న."

"ఇనుకుంట గట్లనే కూసున్నవా అన్నా?"



ఫోన్ పెట్టేశాక బలరాం లైబ్రరీలో పేరు మార్చాడు. మార్పుకు కారణం రాసేచోట, 'తెలిసే పాతది ఉంచాను. సాంసన్ తప్పేమీ లేదు' అని అందరూ చదివేలా రాశాడు. ఆ రెండు ముక్కలు రాయడానికి అతనికి గంట పట్టింది.