రెండు పిడికెళ్ల గేరు

తెల్లారితే మాధవీలతకి రెండు పనులు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ జల్లెడ పట్టుకోవడం, అమ్మకి స్నానం చేయించడం. మొదటిదానికి ముక్కుకి గుడ్డ కట్టుకుంటుంది. రెండోదానికి స్టీలు గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి, అచ్చియమ్మని అరచేతిలో కూచోబెట్టి మెల్లగా దింపుతుంది. "కళ్లల్లోకి పోనీకే!" అని ఆవిడ రోజూ కసురుతుంది. మనిషి తగ్గింది గానీ, చెప్పొద్దూ, నోరు మాత్రం తగ్గలేదు.

రైల్వే కాలనీలో వాళ్లు ముప్ఫై ఎనిమిదేళ్లు కాపురమున్న పాత క్వార్టరుని పోయినేడు పడగొట్టారు. చూసొచ్చిన రోజు నుంచే అచ్చియమ్మ తగ్గడం మొదలెట్టింది. ముందు జాకెట్లు వదులయ్యాయి, తర్వాత మంచం మరీ పెద్దదైపోయింది. డాక్టరు "ఉమర్ హై, హోతా హై", వయసు మీద పడితే ఇంతే అని, బలం మాత్ర నాలుగు ముక్కలు చేసి వెయ్యమన్నాడు. ఇప్పుడు వాళ్లు అద్దెకుంటున్న తెలిపారా పేటలో పక్కవాటా జ్యోతిర్మయి, కూతురు ఆడి వదిలేసిన లక్కపిడతలు తెచ్చిచ్చింది. "పిన్నిగారికి సరిపోతాయిలే, పారెయ్యడం దేనికి?" అంది.

అచ్చియమ్మకి ఉన్నది ఒకటే కోరిక. ఇంటికెళ్లిపోవాలి.

"ఇల్లెక్కడుందమ్మా ఇంకా?"

"నువ్వు కట్టలేవేటి? ఊళ్లో అందరికీ కడతావు."

అదీ నిజమే. వ్యాపార్ విహార్ పేట బిల్డర్లు అమ్మబోయే అపార్ట్‌మెంట్లన్నిటికీ నమూనాలు చేసేది మాధవీలతే. సరే అని అడుగుకి అంగుళం లెక్కన క్వార్టరు మొదలెట్టింది. వరండా, వంటగట్టు, పెరట్లో నీళ్ల డ్రమ్ము, చనిపోయిన నాన్న త్రినాథరావు కూచునే వాలుకుర్చీ, అన్నీ అయ్యాయి. గోడలే మిగిలాయి. వాటి రంగు ఎంతకీ కుదరదు.

ఆ రంగు కాలనీ మొత్తమ్మీద ఒక్క ఇంటికే ఉండేది. కొత్తగా కాపురానికొచ్చిన అచ్చియమ్మ, గోడ అడుగున ఎర్రమన్ను పట్టీ వెయ్యకపోతే అది కొంపేటి అనుకుని, అక్కడివాళ్లు గేరు అనే ఎర్రమన్ను పొడి బజారు నుంచి తెప్పించుకుంది. తెచ్చిన గేరుని వేరే బాల్చీలో కలుపుకోక, రైల్వేవాళ్ల పసుపు సున్నంలో కలిపేసింది. ఇనస్పెక్టరు వచ్చి ఇంతెత్తున లేచాడు. వేగన్ షెడ్డులో పెయింటరైన త్రినాథరావు తలొంచుకుని "నేనే కలిపేనండి" అన్నాడు. ఆ తర్వాత ఏటేటా సున్నం వేసేముందు "నీ గేరేదే?" అని పెళ్లాన్ని తనే అడిగేవాడు.

ప్లాస్టరుకి రంగు కట్టడం మాధవీలతకి వెన్నతో పెట్టిన విద్య. పొడిలో పొడి కలిపి, జల్లించి, అప్పుడు నీళ్లల్లో వెయ్యాలి. తడిమీద ముదురుగా కనిపించి మురిపిస్తుంది, రెండ్రోజులకి ఆరి పాలిపోతుంది. అందుకని ముందే కాస్త ఎక్కువెయ్యాలి. తను మాత్రం ప్రతిసారీ కావాలనే తక్కువ వేస్తోంది. ఆరిన గోడ పలకని అచ్చియమ్మ తడిమి చూసి "ఇది కాదు" అంటే, "అయ్యో, మళ్లీ చేస్తాలే" అంటోంది. రంగు కుదిరితే అమ్మ వెళ్లిపోతుంది. నలభై రెండేళ్ల మాధవీలతకి అమ్మ తప్ప ఎవరున్నారు గనక?

ఓ మధ్యాహ్నం అచ్చియమ్మ బల్లమీద, ఇంకా గోడల్లేకుండానే నిలబెట్టిన చిన్న తలుపు ముందు మునివేళ్ల మీద నిలబడి ఉంది.

"ఏటమ్మా?"

"గొల్లెం అందట్లేదే. నిన్న అందింది."

మాధవీలత వంగి, గొళ్లేనికీ అమ్మ వేళ్లకీ మధ్య ఎడం చూసింది.

"నాను పెయింటరు పెళ్లాన్ని," అంది అచ్చియమ్మ. "ఆరితే పాలిపోద్దని తెలిసీ గేరు తక్కువేసి, నన్ను మోసం సేద్దామనుకున్నావేటి?"

"ఇంకొన్నాళ్లుంటావని అమ్మా..."

"ఉండి? ఇంకా తగ్గిపోతే ఆ గుమ్మం కూడా ఎక్కలేను. బయటే సీమలు లాక్కుపోతాయి. నన్నెల్లనీ అమ్మీ."

మాధవీలత వెక్కివెక్కి ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "ఎంతెయ్యాలి?" అంది.

"బాల్చీకి రెండు పిడికెళ్లు."

"నాన్నవా?"

"నావే. కలిపింది నాను కదేటి."

నమూనా లెక్కకి బాల్చీ అంటే చిన్న గిన్నెడు. అందులో ప్లాస్టరు, పసుపు పొడి పోసి పట్టుకుంది మాధవీలత. అచ్చియమ్మ కొంగు బిగించి, కాగితం మీది గేరు తనే తీసి వేసింది. మిరియపు గింజంత పిడికిలి. ఒకటి, రెండు.

మూడోనాడు ఆరిన గోడలు నిలబెట్టేసరికి అచ్చియమ్మ చెంప ఆనించి, "ఇదే" అంది. మాధవీలత గొళ్లెం కాస్త కిందికి దించి బిగించింది. అచ్చియమ్మ తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టుకుంది. గడప మీద ఆగి, "పనిలో పడి తిండి మానీకు" అని లోపలికెళ్లి తలుపేసుకుంది.

మర్నాడు పొద్దున్నే అలవాటుకొద్దీ నీళ్లు కాచింది మాధవీలత. అందులోంచి ఓ చెంచాడు బల్లమీది ఇంటి పెరట్లో డ్రమ్ములో పోసి, జల్లెడ పట్టుకోవడానికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం వచ్చి చూస్తే డ్రమ్ము ఖాళీ. పెరట్లో కట్టిన దారం మీద అమ్మ చీర ఆరుతోంది, దాని పక్కనే గోరంత మగ బనీను. చీరలన్నీ మాధవీలతే కుట్టింది గానీ, బనీను మాత్రం ఎప్పుడూ కుట్టలేదు.